రెండు ముక్కుల స్కీ

స్కీ ముందుభాగం పడవ ముక్కులా పైకి వంగి ఉంటుంది. మంచులో గుచ్చుకోకుండా, ఎదురొచ్చిన గడ్డల మీదికి ఎక్కి సాగిపోవడానికి ఆ వంపు. వెనకభాగం, అంటే తోక, వందల ఏళ్లపాటు చదునుగానే ఉండేది. మనిషి ముందుకే జారతాడు కాబట్టి తోకను వంచాల్సిన పని ఎవరికీ కనబడలేదు. ఆ తోకను కూడా ముక్కులాగే పైకి వంచినది ట్విన్‌టిప్ స్కీ. వీపు ముందుకు పెట్టి వెనక్కి జారడానికి, గాల్లో తిరిగి అదే భంగిమలో నేల మీద దిగడానికి దీన్ని తయారుచేశారు. 1990ల చివర్లో కొద్దిమంది కుర్రాళ్ల విన్యాసాల కోసం పుట్టిన ఈ వస్తువు పదేళ్లు తిరక్కుండానే మామూలు జనం కొండంతా తిరగడానికి కొనుక్కునే సరుకైంది. అంగడిలో పార్కుకూ కొండకూ కలిపి ఒకే జత అడిగేవాడికి ఇవాళ ఎదురయ్యే చిక్కులన్నీ ఆ పదేళ్లలో పుట్టినవే.

పార్కు అంటే స్కీ రిసార్టు వాలు మీద ప్రత్యేకంగా కట్టిన ఆటస్థలం. మంచును కుప్పపోసి చెక్కిన ఎగురుడు దిమ్మలు, ఇనప రెయిళ్లు, బల్లల్లాంటి బాక్సులు, కొన్నిచోట్ల గొట్టాన్ని నిలువునా చీల్చి పరిచినట్టుండే హాఫ్‌పైప్ అందులో ఉంటాయి. ఆల్‌మౌంటెన్ అంటే కొండ మీది మిగతాదంతా: యంత్రాలు చదును చేసిన వాలు, గుబ్బలు గుబ్బలుగా ఉండే మొగుల్స్, చెట్ల సందులు, రాత్రి కురిసిన పొడి మంచు, పొద్దున గడ్డకట్టిన గట్టి మంచు. పార్కులో స్కీ తేలిగ్గా, రెండు వైపులా ఒకేలా, రెయిల్ మీద పట్టకుండా ఉండాలి. కొండ మీద అదే స్కీ వేగానికి వణకకుండా, గట్టి మంచులో అంచు దిగేలా ఉండాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు.

ఒకే దానితో రెండు పనులు తీయాలన్న కోరిక తెలుగు పాఠకుడికి కొత్తది కాదు. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, మదనపల్లె నుంచి కుప్పం దాకా ఉన్న మెట్ట నేలల్లో, పుంగనూరు ఆవును ఉంచుకున్నది అందుకే. కొద్దిపాటి మేత తిని పాలిస్తుంది, తేలిక దున్నకానికీ ఆ జాతి ఎడ్లు పనికొస్తాయి. పాడికే పెంచిన జాతి అంతకన్నా ఎక్కువ పాలిస్తుంది, బండికే పెంచిన జాతి అంతకన్నా ఎక్కువ బరువు లాగుతుంది. అయినా చిన్న రైతు రెండు జాతుల్ని మేపలేడు. పార్కుకూ కొండకూ కలిపి కొనే స్కీ అచ్చం అలాంటి రాజీ. రెండు పనుల్లోనూ అది మొదటి స్థానంలో ఉండదు. ఉండాలని ఆశించినవాడే నష్టపోతాడు.

స్కీ చరిత్రలో ఎక్కువభాగం ఒకే పని చరిత్ర. స్వీడన్‌లోని కాల్వ్‌ట్రాస్క్ బురద నేలలో దొరికిన స్కీ వయసు ఐదు వేల ఏళ్ల పైమాటే. అప్పట్లో అది వేటకూ ప్రయాణానికీ వాడిన చెక్క. దాన్ని ఆటవస్తువుగా మార్చింది పంతొమ్మిదో శతాబ్దపు నార్వే. టెలిమార్క్ ప్రాంతంలోని మోర్గెడాల్ ఊరి సోంద్రే నోర్‌హైమ్ (1825–1897) మడమ చుట్టూ బిగించే కట్టు కట్టి, నడుము, అంటే మధ్యభాగం, సన్నగా ఉన్న స్కీలతో మలుపులు తీసి, దూకి చూపించాడు. ఆ ఘనతంతా ఆయనొక్కడిదే కాదని తరువాతి చరిత్రకారులు అంటారు గానీ, సన్న నడుము అన్న ఆలోచన ఆయన పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. 1926లో ఆస్ట్రియాకు చెందిన రుడాల్ఫ్ లెట్నర్ చెక్క స్కీకి ఉక్కు అంచు బిగించి పేటెంటు తీసుకున్నాడు. గట్టి మంచు మీద జారిపోకుండా నిలబడటం అప్పటినుంచే సాధ్యమైంది. 1950లో అమెరికాలో విమానాల ఇంజినీరు హోవర్డ్ హెడ్ అల్యూమినియం రేకుల మధ్య చెక్కను అతికించి లోహపు స్కీని అమ్మకానికి పెట్టాడు. ఇన్ని మార్పులు వచ్చినా తోక జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

తోకను మొదట కదిపింది 1970ల హాట్‌డాగ్ గుంపు. పోటీ అంటే గడియారంతోనే అన్న పాత పద్ధతి మీద విసుగెత్తిన అమెరికన్ యువకులు మంచు మీద పల్టీలు, గిరికీలు, నృత్యం లాంటి కదలికలు మొదలుపెట్టారు. నార్వేకు 1952 ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన స్టెయిన్ ఎరిక్సన్ అమెరికా రిసార్టుల్లో గాల్లో పల్టీ కొట్టి చూపడం వాళ్లకు అప్పటికే తెలుసు. స్కీ మీద నృత్యాన్ని బ్యాలే అనేవారు. దానికి పొట్టి స్కీ కావాలి, వెనక్కి జారేటప్పుడు తోక గుచ్చుకోకూడదు. ఓలిన్ కంపెనీ ఆ దశకంలో తెచ్చిన మార్క్ ఫోర్ స్కీకి తోక పైకి లేచి ఉండేది. అయితే పల్టీల వల్ల ప్రమాదాలు జరిగి, బీమా కంపెనీలు వెనక్కి తగ్గడంతో ఆ ఊపు చల్లబడింది. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1979లో ఫ్రీస్టైల్‌ను గుర్తించి నియమాలు పెట్టింది. మొగుల్స్ 1992లో, గాల్లో పల్టీల పోటీ అయిన ఏరియల్స్ 1994లో ఒలింపిక్ పతకాల క్రీడలయ్యాయి. బ్యాలే ప్రదర్శనగా రెండుసార్లు కనిపించి కనుమరుగైంది. దాంతోపాటే లేచిన తోక కూడా దాదాపు మరుగునపడింది.

తిరిగి దాన్ని బయటికి లాగింది స్కీ కాదు, స్నోబోర్డు. 1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ తన పిల్లల కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించి చేసిన ‘స్నర్ఫర్’ ఆటబొమ్మ, 1977లో వెర్మాంట్‌లో జేక్ బర్టన్ మొదలుపెట్టిన చిన్న కార్ఖానా, ఈ రెండింటి నుంచీ పెద్ద పరిశ్రమ లేచింది. బోర్డుకు రెండు కొసలూ వంగి ఉంటాయి. ఎటువైపు తిరిగి దిగినా ఫర్వాలేదు. స్కేట్‌బోర్డు ఆడే నగరపు కుర్రాళ్లకు అది నచ్చింది. చాలా రిసార్టులు తొలిరోజుల్లో బోర్డును వాలు మీదికే రానివ్వలేదు. యూటాలోని ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్ ఇప్పటికీ రానివ్వవు. రానిచ్చిన చోట్ల 1990ల మొదట్లో వాళ్ల కోసం పార్కులు కట్టారు. అప్పుడు కథ తలకిందులైంది. కొన్ని పార్కుల్లో స్కీవాళ్లకే ప్రవేశం లేకుండా పోయింది. కొండ మీద పాత కాపుకు కొత్త వాకిలి మూసేశారన్నమాట.

అదే కాలంలో స్కీ ఆకారంలోనే పెద్ద మార్పు వస్తోంది. 1993లో స్లొవేనియా కంపెనీ ఎలాన్ ‘ఎస్‌సీఎక్స్’ స్కీని తెచ్చింది. ముక్కూ తోకా వెడల్పు, నడుము బాగా సన్నం. ఒక పక్కకు ఒరిగిస్తే చాలు, ఆ వంపే మలుపు తీసేస్తుంది. రెండు మీటర్లకు పైబడిన పాత స్కీలు కొద్ది ఏళ్లలోనే అటకెక్కాయి. కొత్తవి పొట్టివి, తిప్పడానికి సులువైనవి. దీన్నే మరింత పొట్టిచేసి, దాదాపు మీటరు లోపు పొడవుతో, రెండు కొసలూ వంచి స్కీబోర్డులు వచ్చాయి. న్యూయార్క్ రాష్ట్రంలో జేసన్ లెవిన్‌థాల్ 1995లో తల్లిదండ్రుల గరాజ్‌లో మొదలుపెట్టిన లైన్ కంపెనీ మొదటి సరుకు అదే. ఆ పొట్టి పలకల మోజు ఎక్కువకాలం నిలవలేదు గానీ, రెండు కొసలూ వంచితే స్కీతో ఏం చేయవచ్చో అవి చూపించాయి.

నిర్ణయాత్మకమైన అడుగు కెనడాలో పడింది. మైక్ డగ్లస్, జేపీ ఓక్లేర్, జేఎఫ్ క్యూసాన్, విన్సెంట్ డోరియన్ తదితరులు మొగుల్స్ పోటీల నేపథ్యం ఉన్నవాళ్లు. సమాఖ్య నియమాల ప్రకారం పల్టీ కొట్టకూడదు, దూకేటప్పుడు ఫలానా విన్యాసాలే చేయాలి. ఆ కట్టుబాట్లతో విసిగి, బ్లాక్‌కోంబ్ హిమానీనదం మీద వేసవి శిబిరాల్లో స్నోబోర్డువాళ్ల పార్కుల్లోకి దూరి వాళ్ల విన్యాసాలను స్కీ మీద ప్రయత్నించారు. ‘న్యూ కెనడియన్ ఎయిర్ ఫోర్స్’ అన్న పేరు వాళ్లకు అప్పుడే వచ్చింది. అడ్డంకి ఒక్కటే: గాల్లో ఒకటిన్నర చుట్టు తిరిగి వీపు ముందుకు దిగితే చదును తోక మంచులో దిగబడి మనిషి వెల్లకిలా పడేవాడు. తమకు కావలసిన స్కీ ఎలా ఉండాలో రాసి, వీడియో జతచేసి కంపెనీల చుట్టూ తిరిగారు. చాలామంది కాదన్నారు. ఫ్రాన్స్ కంపెనీ సాలొమన్ ఒప్పుకుంది. అలా 1998లో మార్కెట్లోకి వచ్చిన స్కీ పేరు ‘టెన్‌ఎయిటీ’. 1080 డిగ్రీలు, అంటే గాల్లో మూడు పూర్తి చుట్లు. స్కీ పేరులో పొడవో ఉక్కు రకమో కాక విన్యాసపు లెక్క ఉండటమే కాలం మారిందనడానికి గుర్తు.

మరుసటి ఏడు వింటర్ ఎక్స్ గేమ్స్‌లో స్కీ బిగ్ ఎయిర్ పోటీ పెట్టారు. క్యూసాన్ గెలిచాడు. 2002లో దిమ్మలూ రెయిళ్లూ వరసగా దాటే స్లోప్‌స్టైల్, పెద్ద హాఫ్‌పైప్‌లో జరిగే సూపర్‌పైప్ చేరాయి. అదే ఏడు ఓక్లేర్, టానర్ హాల్ వంటి స్కీయర్లు కొందరు కలిసి ఆర్మడా అన్న సొంత కంపెనీ పెట్టుకున్నారు. పెద్ద కంపెనీ ఇచ్చిన స్కీ తొక్కేవాడే స్కీ చేయించే యజమాని కావడం ఆ రంగంలో పెద్ద మలుపు. సారా బర్క్ అనే కెనడా యువతి ఆడవాళ్ల పోటీల కోసం, ఒలింపిక్స్‌లో చోటు కోసం ఏళ్లతరబడి పోరాడింది. హాఫ్‌పైప్, స్లోప్‌స్టైల్ 2014 సోచీ ఒలింపిక్స్‌లో చేరతాయని 2011లో తేలింది. ఆమె 2012 జనవరిలో సాధనలో గాయపడి చనిపోయింది. సోచీలో పురుషుల స్లోప్‌స్టైల్ పతకాలు మూడూ అమెరికా ఎగరేసుకుపోయింది. 2022 బీజింగ్‌లో బిగ్ ఎయిర్ కూడా చేరింది.

ఇదంతా పార్కు కథ. పార్కు స్కీ పార్కు దాటి కొండెక్కిన కారణం మరో పాయలో ఉంది. పొడి మంచులో సన్న స్కీ మునిగిపోతుంది. 1980ల చివర్లో ఆస్ట్రియా కంపెనీ అటామిక్ వెడల్పాటి పౌడర్ స్కీలను తెచ్చినప్పుడు పాతకాపులు వాటిని చూసి నవ్వారు, ముసలివాళ్ల ఊతకర్రలన్నారు. షేన్ మెకాంకీ అనే స్కీయర్ ఇంకో అడుగు వేశాడు. అలాస్కాలో 2001లో నీటి మీద వాడే వాటర్‌స్కీలకు బైండింగులు (బూటును స్కీకి పట్టి ఉంచే కట్లు) బిగించి లోతైన మంచులో దిగాడు. ఆ ప్రయోగం నుంచి వోలాంట్ కంపెనీ ‘స్పాట్యులా’ పుట్టింది. అప్పటిదాకా స్కీ నడుము కింద విల్లులా పైకి వంగి ఉండేది. దాన్ని క్యాంబర్ అంటారు. మనిషి బరువు పడితే విల్లు చదునై అంచంతా మంచుకు ఆనుతుంది, బరువు తీస్తే ఎగదన్నుతుంది. స్పాట్యులాలో ఆ వంపును తిరగేశారు. మధ్యభాగం పడవ అడుగులా కిందికి, కొసలు ముందునుంచే పైకి. దీనికే రాకర్ అని పేరు. మెకాంకీ 2009లో ఇటలీ కొండల్లో చనిపోయాడు. ఆయన చేసి పోయిన విచిత్రం తరువాతి కొద్ది ఏళ్లలోనే దాదాపు ప్రతి కంపెనీ జాబితాలోకి ఎక్కింది.

రెండు పాయలు కలిసింది ఇక్కడే. లేచిన తోక కొండ మీద కూడా పనికొస్తుందని జనం గమనించారు. మలుపు చివర తోక సులువుగా జారి వదిలేస్తుంది, మొగుల్స్ సందుల్లో ఇరుక్కోదు, చెట్ల మధ్య చటుక్కున తిప్పుకోవచ్చు. కొసల్లో కొద్దిగా రాకర్, కాళ్ల కింద క్యాంబర్, నడుము కొంచెం వెడల్పు. ఈ మిశ్రమం 2010 నాటికి ఆల్‌మౌంటెన్ స్కీల సాధారణ రూపమైపోయింది. దాంతో ఒక గందరగోళం కూడా వచ్చింది. ఇవాళ తోక కాస్త లేచిన ప్రతిదాన్నీ అంగట్లో ట్విన్‌టిప్ అనే పిలుస్తారు. తోకను బట్టి స్కీ పనిని చెప్పే రోజులు పోయాయి. కొనేవాడు చూడాల్సింది తోక కాదు, దానికి ముందున్న భాగమంతా.

మొదట నడుము వెడల్పు. అచ్చంగా పార్కు స్కీల నడుము సుమారు 80 నుంచి 90 మిల్లీమీటర్లు. కాళ్లను గాల్లో తిప్పడానికి, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారడానికి సన్నదే హాయి. కొత్త మంచు ఎక్కువగా కురిసే కొండలకు 100కు పైగా ఉన్నవి తేలతాయి. రెండూ కావాలనేవాడికి 88–96 మధ్య సంఖ్య సరిపోతుంది. అమెరికా తూర్పు తీరపు గట్టి మంచుకు అందులో కింది సంఖ్య, కొలరాడో, యూటాల పొడి మంచుకు పై సంఖ్య.

రెండోది గట్టితనం. మెత్తటి స్కీని ముక్కు మీద, తోక మీద ఒరిగించి గిరగిరా తిప్పవచ్చు. దాన్ని బటరింగ్ అంటారు. అదే స్కీ వేగంగా జారేటప్పుడు గాలిపటం తోకలా కొట్టుకుంటుంది, పెద్ద దిమ్మ మీంచి దిగితే తోక ఒరిగిపోయి వెనక్కి పడేస్తుంది. కాళ్ల కింద గట్టిగా, కొసల్లో మెత్తగా ఉన్నది రెండు పనులకూ ఓర్చుకుంటుంది. లోపలి చెక్క ఏదన్నదీ ఇందులో భాగమే: పాప్లర్, ఆస్పెన్ తేలిక, మేపుల్, యాష్ బరువు, మన్నిక. రెయిళ్ల మీద అంచులు పగులుతాయి కాబట్టి పార్కు స్కీలకు ఉక్కు అంచు మందంగా, సుమారు రెండున్నర మిల్లీమీటర్ల దాకా పెడతారు. రెయిల్ మీద పట్టకుండా బూటు కింది అంచును కావాలనే మొద్దు చేస్తారు. గట్టి మంచులో మనిషిని నిలబెట్టేదీ ఆ అంచే. రెండూ కావాలనుకునేవాళ్లు పైపైన ఆకురాయి ఆడించి వదిలేస్తారు, రెయిళ్ల మీద కొంచెం జాగ్రత్తగా ఉంటారు. ఈ ఒక్క విషయంలో రాజీ ఎప్పుడూ సరిగ్గా కుదరదు.

పొడవు దగ్గర చాలామంది పొరబడతారు. రెండు కొసలూ వంగి ఉన్న స్కీలో మంచుకు ఆనే భాగం తక్కువ. గడ్డం ఎత్తు స్కీ మామూలుగా సరిపోయేవాడు ట్విన్‌టిప్‌లో ముక్కు ఎత్తుదాకా తీసుకున్నా బరువనిపించదు. పార్కుకే అయితే పొట్టిది, కొండకు మొగ్గితే నుదుటిదాకా.

స్కీ ఎంచుకోవడం సరే, తొక్కేదెక్కడ? పుంగనూరు ఆవు తిరిగే మదనపల్లె, పుంగనూరు, కుప్పం మండలాల్లో మంచు కురవదు. మదనపల్లె పక్కనున్న హార్స్‌లీ కొండ 1,260 మీటర్లకు పైగా ఎత్తున్నా అక్కడ దొరికేది చలిగాలి, పొగమంచు మాత్రమే. ఈ ప్రాంతంవాళ్లు స్కీ తొక్కాలంటే రెండు దారులు. మొదటిది బెంగళూరు మీదుగా శ్రీనగర్. అక్కడినుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. 1927లో బ్రిటిషువాళ్లు స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పెట్టింది అక్కడే. ఊరు దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంటే, 2005లో పూర్తయిన రెండో దశ గొండోలా అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటిస్తుంది. అక్కడ పార్కు కన్నా లోతైన పొడి మంచుదే రాజ్యం. కనుక అక్కడికి వెళ్లేవాడికి పార్కు స్కీ దండగ, వెడల్పాటి ట్విన్‌టిప్ అయితే పండగ. ఉత్తరాఖండ్‌లోని ఔలీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు నప్పుతుంది.

రెండో దారి అమెరికా, అక్కడికి వెళ్లి స్థిరపడినవాళ్లకు. సియాటిల్, రెడ్మండ్ తెలుగు కుటుంబాలకు స్నోక్వాల్మీ కనుమ గంట ప్రయాణం. బే ఏరియావాళ్లకు టాహో సరస్సు కొండలున్నాయి. డెన్వర్‌వాళ్లకు పార్కులకు పేరుపడ్డ బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ దగ్గర. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు విచిత్రమైన వసతి ఒకటుంది. ఈస్ట్ రూథర్‌ఫర్డ్ అమెరికన్ డ్రీమ్ మాల్‌లో 2019 డిసెంబరులో తెరిచిన బిగ్ స్నో, ఉత్తర అమెరికాలో కప్పు కింద ఏడాది పొడుగునా నడిచే మొదటి స్కీ వాలు. ఎండాకాలంలోనూ అందులో మంచు ఉంటుంది, చిన్న పార్కూ ఉంటుంది, కొండ మాత్రం ఉండదు. అక్కడ నేర్చుకున్న పిల్లవాడు వెర్మాంట్‌కో పెన్సిల్వేనియా పోకొనోలకో పోయిన రోజునే తన స్కీ రెండో పని తెలుస్తుంది. ఏడాదికి నాలుగైదు రోజులు వెళ్లేవాళ్లు కొనకుండా అద్దెకు తీసుకోవడం మేలు. కొనేముందు వాడి చూడటానికిచ్చే డెమో అద్దెలో బైండింగు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది కాబట్టి, ఒకే స్కీని పార్కులో ఒక చోట, కొండ మీద ఇంకో చోట బిగించి చూసుకోవచ్చు.

ఆ జరుపుడే ఈ కొనుగోలులో అసలు కీలకం. పాత స్కీలలో బూటు మధ్యభాగం స్కీ సరిగ్గా సగానికి సుమారు 8 నుంచి 12 సెంటీమీటర్లు వెనక ఉండేది. మనిషి ముందుకే జారేవాడు, ముక్కు పొడవుగా ఉంటే స్థిరం. పార్కువాళ్లు దాన్ని సగానికే, లేదా రెండు మూడు సెంటీమీటర్ల వెనక్కు తెచ్చారు. వెనక్కి జారినా ముందుకు జారినా ఒకేలా ఉండాలి, గాల్లో తిరిగేటప్పుడు బరువు రెండు వైపులా సమానంగా ఉండాలి. రెండు పనులకూ కలిపి అమ్మే స్కీల మీద కంపెనీలు గీసే గీత ఎక్కువగా 4 నుంచి 6 సెంటీమీటర్ల వెనక పడుతుంది. వారంలో పార్కు రోజులు ఎక్కువైతే ఆ గీతకు ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకు, కొండ రోజులు ఎక్కువైతే గీత మీదే. బైండింగు విడుదల విలువను బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు లెక్కగట్టి శిక్షణ పొందిన మెకానికే పెట్టాలి. స్కీకి ఒకసారి రంధ్రాలు వేశాక కొత్తవి పాతవాటికి కనీసం సెంటీమీటరు ఎడంగా పడాలి, లేకపోతే చెక్క పట్టు వదిలేస్తుంది. అంగట్లో స్కీ రంగు ఎంచుకోవడం కన్నా ముందు చెప్పాల్సింది బైండింగు ఎక్కడ బిగించాలన్న ఆ సంఖ్యే.